సైన్స్ ఫెయిర్ పరిశోధనను టైమ్‌టేబుల్లో ఇమడ్చడం: డెల్టా హైస్కూళ్లకు ఒక పద్ధతి

మీ ప్రశ్న ఇదీ: రాజోలు వైపు జిల్లా పరిషత్ హైస్కూలు. ఎనిమిది, తొమ్మిది తరగతులకు చెరో సెక్షను, సెక్షనుకి నలభై మంది. సైన్స్ ఫెయిర్ సర్క్యులర్ రాగానే పది రోజులు బడంతా ధర్మాకోల్, ఫెవికాల్ హడావుడి. పని చేసేది నలుగురైదుగురు, మిగతా వాళ్లు ప్రేక్షకులు. ఇదే పనిని ఏడాది పొడవునా పాఠాల్లో భాగంగా చేయించాలంటే ఎలా, సిలబస్ వెనకబడిపోదా అని అడిగారు.

వెనకబడదండీ, ఒక షరతు పాటిస్తే. పరిశోధనను సిలబస్ మీద అదనపు బరువుగా పెట్టకూడదు. పుస్తకంలో ఉన్న కృత్యాల్లో కొన్నిటిని ఎత్తేసి, ఆ పీరియడ్లే దీనికివ్వాలి. ఎలాగూ ఆ కృత్యాల్లో సగం మాస్టారు బల్ల మీద చేసి చూపిస్తే, వెనక బెంచీల వాళ్లకి కనపడకుండానే అయిపోతుంటాయి.

ముందు మోడల్ని, పరిశోధనని విడదీయండి. అగ్నిపర్వతం, సిరంజిలతో జేసీబీ, సోలార్ ఇల్లు ఇవన్నీ తెలిసిన విషయాన్ని చూపించే వస్తువులు. అవి వద్దనడం లేదు, కానీ వాటిలో తెలుసుకునేది ఏమీ లేదు. పరిశోధన ప్రశ్నకు గుర్తు ఏమిటంటే, కొలిచి చూసేదాకా మాస్టారికీ జవాబు తెలియదు. "ఉప్పునీరు వరికి చెరుపు చేస్తుందా" అన్నది ప్రశ్న కాదు, అది ఊళ్లో అందరికీ తెలుసు. "మన ఊళ్లో ఏ బోరు నీరు ఎంత ఉప్పు, ఏటికి దూరమయ్యేకొద్దీ తగ్గుతుందా, కాలవలు కట్టేశాక (నీరు వదలడం ఆపేశాక) ఎంత మారుతుంది" అన్నది ప్రశ్న.

పీరియడ్ల లెక్క చూద్దాం. ఏడాదికి 24 పీరియడ్లు చాలు. 40 నిమిషాల పీరియడైతే మొత్తం 16 గంటలు. ప్రశ్న ఎంచుకోవడానికి 4, పరికరంతో కొలవడం నేర్పడానికి 3, ప్రణాళిక రాసి చిన్నగా ఒకసారి చేసి చూడటానికి 3, మధ్యలో నోటు పుస్తకాలు సరిచూడటానికి 2, లెక్కలకు, గ్రాఫులకు 5, రాయడానికి 4, నోటితో చెప్పించడానికి 3. అసలు కొలతలు పీరియడ్లో జరగవు. పొద్దున్నే ప్రార్థనకు ముందు పది నిమిషాలో, ఇంటికి వెళ్లే దారిలోనో జరుగుతాయి. పదో తరగతి జోలికి పోవద్దు. పబ్లిక్ పరీక్షల ఏడాదిలో ఇది పెడితే తల్లిదండ్రులూ ఒప్పుకోరు, హెడ్మాస్టరు గారూ ఒప్పుకోరు. వాళ్లు అనేది తప్పు కూడా కాదు.

ఈ పద్ధతి చాలా చోట్ల కూలిపోయేది ప్రశ్నల సంఖ్య దగ్గర. నలభై మందిని పది జట్లు చేసి, పది జట్లకీ పది వేర్వేరు ప్రశ్నలిస్తే, ఒక్క సైన్స్ మాస్టారు పది ప్రాజెక్టులకు గైడు కాలేరు. రెండో నెలకల్లా రెండే మిగులుతాయి, అవీ తెలివైన పిల్లలవే. తరగతికి మూడు ప్రశ్నలు చాలు. నాలుగు జట్లు ఒక ప్రశ్న, మరో నాలుగు ఇంకో ప్రశ్న, రెండు జట్లు మూడోది. ఒకే ప్రశ్న మీద నాలుగు జట్లు పని చేస్తే నాలుగు సార్లు విడిగా చేసిన ప్రయోగం దొరుకుతుంది. ఒక జట్టు చేతులెత్తేసినా మిగతా మూడింటి లెక్కలు నిలబడతాయి. "అందరూ ఒకటే చేస్తే కాపీ కొడతారు కదా" అనే అనుమానం వస్తుంది. రెండు జట్ల అంకెలు దశాంశంతో సహా ఒకేలా ఉంటే అది ఇట్టే బయటపడుతుంది. నిజమైన కొలతలు ఎప్పుడూ కాస్త అటూ ఇటూ ఉంటాయని పిల్లలకు ముందే చెప్పండి.

ఇక క్యాలెండరు. మన దగ్గర పరిశోధన విద్యా సంవత్సరాన్ని పట్టుకుని నడవదు, నీటిని పట్టుకుని నడుస్తుంది. జూన్లో కాలవలు వదులుతారు, జులై–ఆగస్టులో సార్వా (వానాకాలం వరి) ఊడ్పులు, నవంబరులో కోతలు. డిసెంబరు, జనవరిల్లో దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పులు, ఏప్రిల్లో కోతలు, ఆ తర్వాత కాలవలు కట్టేస్తారు. మధ్యలో వరద సెలవులు, దసరా, తుఫాను సెలవులు, సంక్రాంతి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడోదాకా పోకముందే లంక ఊళ్ల (ఏటి మధ్య దీవుల్లోని ఊళ్ల) పిల్లలు బడికి రావడం ఆగిపోతుంది. అందుకని అరవై రోజులు వరసగా చూడాల్సిన ప్రయోగం పెట్టకండి, ఎక్కడో ఒకచోట తెగుతుంది. వారం పది రోజుల్లో తేలిపోయేవి, లేదా పదిహేను రోజులకోసారి కొలిస్తే సరిపోయేవి ఎంచుకోండి. వరద రోజుల్లో ధవళేశ్వరం మట్టం గంటగంటకీ ప్రకటిస్తారు. బడి మూసి ఉన్నా ఇంట్లో కూర్చుని దాన్ని గ్రాఫు మీద పెట్టొచ్చు. ఊరి రేవు మెట్లు ఎన్ని మునిగాయో పెద్దవాళ్లని అడిగి పక్కనే రాసుకుంటే మట్టానికీ, మునకకీ మధ్య ఎన్ని గంటల తేడా ఉందో దొరుకుతుంది. రేవు దగ్గరకి పిల్లల్ని మాత్రం పంపొద్దు.

మీ ఊరికి నేను మొదట సూచించేది బోరు నీటి ఉప్పదనం. ఇందులో పరికరం ఒక్కటే, ధర తక్కువ, ప్రశ్న ఊరిది. పైగా ఆమ్లాలు–క్షారాలు–లవణాల సంగతులకీ, భూగర్భజలం సంగతులకీ నేరుగా అతుకుతుంది.

పెన్ను ఆకారంలో ఉండే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరు ఐదొందల లోపే వస్తుంది. కొనేటప్పుడు మైక్రోసీమెన్స్‌లో విద్యుత్ వాహకత కూడా చూపించేదీ, ఉష్ణోగ్రతను తనే సర్దుకునేదీ తీసుకోండి. ఈ పెన్ను నిజానికి ఉప్పును కొలవదు, నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచి దాన్ని ఒక గుణకంతో హెచ్చించి పీపీఎం (లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు) అని చూపిస్తుంది. ఆ గుణకం కొన్నిటిలో 0.5, కొన్నిటిలో 0.7 దాకా ఉంటుంది. రెండు జట్లు రెండు కంపెనీల పెన్నులు వాడితే ఒకే నీటికి రెండు అంకెలు రావడానికి ఇదే కారణం. సరిచూసుకోవడం తేలిక. లీటరు డిస్టిల్డ్ వాటర్లో సరిగ్గా 1 గ్రాము ఉప్పు కలిపితే వాహకత సుమారు 2000 మైక్రోసీమెన్స్ రావాలి. 0.5 గుణకం ఉన్న పెన్ను 1000కి దగ్గరగా చూపిస్తుంది, 0.7 ఉన్నది 1400 దాకా. కాస్త అటూ ఇటూ అయితే పెన్ను పనికొస్తుంది, ఆ అంకెను నోటు పుస్తకం మొదటి పేజీలో రాయించండి.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. మన గాలికి ఉప్పు చెమర్చి ఉంటుంది. తడి ఉప్పు తూస్తే గ్రాములో కొంత నీరే తూగుతుంది. పెనం మీద పది నిమిషాలు వేయించి, మూత పెట్టి చల్లార్చి, అప్పుడు తూయండి. వంటింటి కాటా గ్రాముని పట్టుకోలేదు, 0.01 గ్రాము చూపించే నగల కాటా కావాలి. డిస్టిల్డ్ వాటర్ అని బ్యాటరీ కొట్లో ఇచ్చే డబ్బాను కూడా ముందు పెన్నుతో చూడండి. 5 పీపీఎం దాటితే ఆ డబ్బా వెనక్కి ఇచ్చేయండి. ఉష్ణోగ్రత సర్దుబాటు లేని పెన్నైతే డిగ్రీకి దాదాపు 2 శాతం చొప్పున అంకె పెరుగుతుంది. ఎండలో పెట్టిన సీసాను కొలిస్తే ఐదు డిగ్రీలకే పది శాతం ఉప్పు ఎక్కువైనట్టు కనిపిస్తుంది.

నాలుగు జట్లకి పన్నెండు బోర్లు. ఏటికీ, ఉప్పుటేరుకీ అర కిలోమీటరు లోపు నాలుగు, కిలోమీటరు నుంచి రెండు మధ్య నాలుగు, మూడు దాటాక నాలుగు. ప్రతి జట్టుకీ దగ్గరిది ఒకటి, మధ్యది ఒకటి, దూరపుది ఒకటి ఇవ్వండి. దగ్గరివన్నీ ఒకే జట్టుకి, దూరపువన్నీ ఇంకో జట్టుకి ఇస్తే, చివర్లో కనిపించే తేడా బోరుదో జట్టుదో తేల్చలేరు. పదిహేను రోజులకోసారి, ఒకే వేళకి తీయాలి. చేతిపంపైనా ఫిల్టరు పాయింటైనా (లోతు తక్కువ గొట్టపు బావి) ఐదు నిమిషాలు నీళ్లు పారబోశాకే పట్టాలి, పైపులో నిలిచిన నీరు బోరు నీరు కాదు. సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, నిండుగా పట్టి, మూత మీద కాకుండా సీసా మీద పేరు రాయాలి. మూతలు మారిపోతాయి. ఇంటి మీద ట్యాంకు నీరు వద్దు. చాలా ఇళ్లలో ట్యాంకులో బోరు నీరు, పంచాయతీ కుళాయి నీరు కలిసిపోయి ఉంటాయి.

లోతు అడగడం మర్చిపోవద్దు. తీరం వైపు వాన నీరు, కాలవ ఊట తేలికగా పైన నిలుస్తాయి, ఉప్పునీరు బరువుగా కింద ఉంటుంది. అందువల్ల ఏటికి దూరంగా ఉన్న లోతు బోరు, ఏటి పక్కనున్న ఇరవై అడుగుల ఫిల్టరు పాయింటు కంటే ఉప్పగా ఉండొచ్చు. లోతు రాయకపోతే "దూరంతో సంబంధం లేదు" అనే తప్పుడు ముగింపుకి వస్తారు. ఇంటివాళ్లకి లోతు గుర్తుండదు, వేసిన పైపులు ఎన్ని అని అడిగితే చెబుతారు. పైపు పొడవుతో హెచ్చిస్తే సరి.

వచ్చిన అంకెను దేనితో పోల్చాలి? తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే నీటి వనరు లేనప్పుడు 2000 దాకా అనుమతిస్తారు. అయితే 800 వచ్చిన బోరులో ఉన్నది ఉప్పో, కాఠిన్యమో పెన్ను చెప్పదు. ఒక చిన్న పరీక్ష తోడు పెట్టండి. వంద మి.లీ. నీటిలో సబ్బు ద్రావణం చుక్కలు చుక్కలుగా వేసి ఊపుతూ నిలిచే నురగ రావడానికి ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెడితే కాఠిన్యం పోలిక దొరుకుతుంది. క్లోరైడు పరీక్ష చేయాలని ఉత్సాహం వస్తుంది, కానీ దానికి వాడే పొటాషియం క్రోమేట్ విషపూరితం, సిల్వర్ నైట్రేట్ చేతుల మీద నల్లటి మచ్చలు వేస్తుంది. పిల్లల చేతికి ఇవ్వకండి. కావాలంటే రెండు మూడు సీసాలు ప్రయోగశాలకి పంపించుకోవచ్చు. రొయ్యల చెరువు నీరు ముంచితే పెన్ను పరిమితి దాటిపోయి తెర మీద అర్థం లేని గుర్తు చూపిస్తుంది. 10 మి.లీ. చెరువు నీటికి 90 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి కొలిచి పదితో హెచ్చిస్తే సరిపోతుంది.

ఇదే పెన్నుతో పొలం మట్టి కూడా చూడొచ్చు. పై పదిహేను సెంటీమీటర్ల మట్టి నీడలో ఆరబెట్టి, దంచి, జల్లించి, 20 గ్రాములకి 50 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి అరగంట మధ్యమధ్యలో కలియబెట్టి, పైకి తేరిన నీటిలో కొలవాలి. పుస్తకాల్లో కనిపించే "4 డెసిసీమెన్స్ (అంటే 4000 మైక్రోసీమెన్స్) దాటితే చౌడు" అన్న హద్దు, మట్టిని నీటితో ముద్దలా తడిపి పిండి తీసిన రసానికి సంబంధించింది. మీ పల్చటి ద్రావణపు అంకెని దాంతో నేరుగా పోల్చకూడదు, మీది ఎప్పుడూ తక్కువే వస్తుంది. జిల్లా స్థాయిలో జడ్జిగా వ్యవసాయం చదివినవాళ్లు వస్తే మొదట పట్టుకునేది దీన్నే.

రెండో ప్రశ్న వరి మొలక మీద. రెండు రకాలు తీసుకోండి. ఒకటి స్వర్ణ, అంటే 1982లో మారుటేరు వరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎంటీయూ 7029. రెండోది, ఉప్పుకి ఆగుతుందని మీ ఊరి రైతులు నమ్మే రకం ఏదైతే అది. లీటరుకి 0, 3, 6, 9, 12 గ్రాముల ఉప్పు, ఐదు స్థాయిలు. అర లీటరు నీటిలో 6 గ్రాముల ఉప్పు కలిపితే అది 12 గ్రాముల స్థాయి. దాన్నుంచి 150 మి.లీ. తీసి 50 నీరు కలిపితే 9, వందకి వంద కలిపితే 6, యాభైకి 150 కలిపితే 3. ఒక్కోటి 200 మి.లీ. తయారవుతుంది, నాలుగు జట్లకీ చాలు. ప్రతి జట్టూ రెండు రకాలకీ, ఐదు స్థాయిలకీ ఒక్కో పళ్లెం పెడుతుంది. జట్టుకి పది పళ్లేలు, పళ్లేనికి యాభై గింజలు, 15 మి.లీ. ద్రావణం. మొత్తం రెండు వేల గింజలంటే నలభై గ్రాముల వడ్లే.

పేపరు పళ్లేలు వద్దు, నానిపోతాయి. స్టీలు పళ్లెంలో రెండు మడతల నూలు గుడ్డ పరిచి, పైన ఇంకో పళ్లెం బోర్లించి, పాలిథీన్ సంచిలో పెట్టండి. మూత సరిగా లేకపోతే నీరు ఆవిరై ఉప్పు అక్కడే మిగులుతుంది, నాలుగో రోజుకి 6 గ్రాముల పళ్లెం కాస్తా 9కి చేరుతుంది. ఆరితే మళ్లీ ఉప్పునీరు పోసేస్తారు పిల్లలు. తగ్గిన మేరకు పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. మొలక అంటే ఏమిటో మొదటి రోజే నిర్ణయించి పుస్తకంలో రాయాలి: వేరు 2 మి.మీ. బయటికి వస్తేనే మొలిచినట్టు. లేకపోతే ఒకరు పగిలిన గింజని లెక్కేస్తారు, ఇంకొకరు వెయ్యరు. మూడు, ఐదు, ఏడో రోజుల్లో లెక్క. కొత్తగా కోసిన వడ్లు కొన్నాళ్లు నిద్రావస్థలో ఉంటాయి, సార్వా వడ్లతో నవంబరు చివర్లోనే మొదలుపెడితే మామూలు నీటిలో కూడా మొలవక కంగారు పడతారు. కోసి నెల దాటినవి వాడండి. ముందు ఉప్పు లేని పళ్లెంలో ఎనభై శాతం మొలిచాయో లేదో చూసుకుని, లేకపోతే విత్తనం మార్చండి.

ముగింపు రాసేటప్పుడు పిల్లలు "ఈ రకం చౌడు నేలకి మంచిది" అని రాసేస్తారు. ఆపండి. వరి మొలక దశలో ఉప్పుకి బాగానే ఆగుతుంది, లేత నారు దశలోనూ పూత దశలోనూ దెబ్బ తింటుంది. వాళ్లు చూసింది మొలకని మాత్రమే. అంతవరకే రాయాలి.

మూడో ప్రశ్నకి కొబ్బరి తెల్లదోమ. ఆకు అడుగున వలయాలు వలయాలుగా గుడ్లు పెట్టే సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో బయటపడింది, కోనసీమ పిల్లలకి కొత్తగా చెప్పక్కర్లేదు. చెట్టెక్కించే పని పెట్టుకోవద్దు. దింపు తీసేవాళ్లు వచ్చిన రోజున కింది మట్టలు రెండు కొట్టిపడేయమంటే చాలు. పది చెట్లు, చెట్టుకి నాలుగు ఆకులు (మట్టకి ఉండే ఒక్కో ఈనె ఒక ఆకు), ఆకు మధ్యలో పది సెంటీమీటర్ల మేర వలయాలెన్నో లెక్క. నల్లబడిన తెల్లదోమ కోశాలు (ప్యూపాలు) విడిగా లెక్కపెట్టించండి, వాటిలో ఎన్‌కార్సియా అనే పరాన్నజీవి పురుగు పెరుగుతోందన్నమాట. మందు కొట్టిన తోటలో, కొట్టని తోటలో ఈ నల్ల కోశాల వాటా ఎంత అన్నది మంచి ప్రశ్న. ఏ మందు ఎప్పుడు కొట్టారో రైతును అడిగి తేదీ రాసుకోండి. కొట్టి వారం కాకపోతే పిల్లలు ఆ ఆకులు ముట్టుకోకూడదు.

చేపల చెరువు మీద చేయాలనుకుంటే నీరు ఎంత తేటగా ఉందో చూపే సెక్కీ పళ్లెం ఒక్కటే చాలు. ఇరవై సెంటీమీటర్ల వ్యాసం, నాలుగు భాగాలు నలుపు తెలుపు ఒకటి విడిచి ఒకటి, కింద బరువు, తాడు మీద సెంటీమీటరు గుర్తులు. మధ్యాహ్నం ముందూ వెనకా, నీడ వైపున దించుతూ కనుమరుగైన లోతు, లాగుతూ మళ్లీ కనిపించిన లోతు, రెండిటి సగటు. రొయ్యల చెరువులకి మాత్రం పిల్లల్ని పంపమని చెప్పను. ఏరేటర్ల కరెంటు వైర్లు తడి గట్ల మీదే ఉంటాయి. పైగా తెల్లమచ్చ వైరస్ భయంతో రైతులు కొత్తవాళ్లని రానివ్వరు, వాళ్ల భయం న్యాయమైనదే.

గుర్రపు డెక్కతో బయోగ్యాస్, గుర్రపు డెక్కతో కాగితం ప్రతి ఏటా ప్రతి మండలం నుంచీ వస్తాయి. వాటిలో లోపం ఆలోచనలో లేదు, పోలికకి రెండో డబ్బా లేకపోవడంలో ఉంది. పేడ ఒక్కటే, పేడ–డెక్క సగం సగం, రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి వచ్చిన గ్యాసు కొలిస్తే అది పరిశోధన అవుతుంది. ఒక్క డబ్బా పెట్టి మంట చూపిస్తే అది ప్రదర్శనే.

చేయించకూడనివి కొన్ని. బ్యాక్టీరియాని ఇంట్లో పెంచే ప్రాజెక్టు ఏదీ వద్దు. అంతర్జాతీయ సైన్స్ ఫెయిర్ పోటీ ఐసెఫ్ నియమాల్లో కూడా ఇంట్లో సూక్ష్మజీవుల పెంపకం నిషిద్ధం. చుట్టుపక్కల ఇళ్లలో షుగరు, బీపీ సర్వేలు, రక్తం గ్రూపుల సర్వేలు రాతపూర్వక అనుమతి, డాక్టరు పర్యవేక్షణ లేకుండా వద్దు. కాలవ గట్టు మీద, రేవులో నమూనాలు పిల్లలే ఒంటరిగా తీయకూడదు. పెద్దవాళ్లు తాడు కట్టిన బకెట్టుతో తీసిస్తే పిల్లలు కొలవొచ్చు.

నోటు పుస్తకం గురించి కాస్త గట్టిగా చెప్పాలి. రఫ్‌లో రాసి తర్వాత ఫెయిర్‌లో ఎక్కించే అలవాటు మన బళ్లలో వేళ్లూనుకుపోయింది, ఈ పనికి అదే విషం. ఎక్కించేటప్పుడు వింత అంకెలు మాయమైపోతాయి, "తప్పు వచ్చింది సార్, సరిచేశాను" అంటారు. పేజీలకి ముందే నంబర్లు వేయించండి. పెన్నుతోనే రాయాలి, రబ్బరు, వైట్‌నర్ నిషేధం. తప్పైతే ఒక్క గీత కొట్టి పక్కన కారణం రాయాలి. తేదీ, వేళ, వాతావరణం, కొలిచినవాడి పేరు ప్రతి వరుసకీ ఉండాలి. బురద మరకలున్నా ఆ పుస్తకమే మార్కుల పుస్తకం. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి ఉన్న మార్కులు ఇందుకే వాడండి. పదికి లెక్కేస్తే పుస్తకానికి 4, ప్రణాళికకి 2, గ్రాఫుకీ విశ్లేషణకీ 2, నోటితో చెప్పడానికి 2. చార్టు అందానికి సున్నా. "అనుకున్న ఫలితం రాలేదు" అన్న జట్టుకి ఒక్క మార్కు తగ్గించినా, వచ్చే ఏడాది అందరికీ అనుకున్న ఫలితమే వస్తుంది.

లెక్కల మాస్టారిని కలుపుకోండి. సగటు, మధ్యగతం, కనిష్ఠ–గరిష్ఠాల తేడా ఈ మూడూ చాలు. తొమ్మిదో తరగతిలో సాంఖ్యకశాస్త్రం పాఠానికి పుస్తకంలోని లెక్కల బదులు మీ పన్నెండు బోర్ల అంకెలిస్తే ఆయనకీ పని కలిసొస్తుంది. గ్రాఫు చేత్తో గీయించండి. సగటు కడ్డీలు కాకుండా ప్రతి కొలతనీ ఒక్కో చుక్కగా పెట్టిస్తే, తేడా నిజమో కాదో కంటికే కనిపిస్తుంది. ఒకే సీసాని మూడుసార్లు కొలవడం మూడు నమూనాలు కాదన్న సంగతి పిల్లలకే కాదు, చాలామంది గైడ్లకీ పట్టదు. మూడుసార్లు కొలిస్తే పెన్ను నిలకడ తెలుస్తుంది, మూడు బోర్లు కొలిస్తేనే ఊరి సంగతి తెలుస్తుంది.

ఏ పని ఏ పోటీకి అన్నది జనవరిలో కాదు, ఆగస్టులోనే అనుకోవాలి. కేంద్ర ప్రభుత్వ పోటీ ఇన్‌స్పైర్ మానక్‌కి బడికి ఐదు ఆలోచనల దాకా ఆన్‌లైన్లో పంపొచ్చు, ఎంపికైతే నమూనా తయారీకి పది వేల రూపాయలు పిల్లవాడి ఖాతాలో పడతాయి. కానీ వాళ్లు కోరేది కొత్త పరికరం లేదా కొత్త ఉపాయం. బోర్ల సర్వే అక్కడ నిలబడదు. ఆ సర్వే చేస్తుండగా పుట్టిన ఉపాయం, ఉదాహరణకి ఉప్పు హద్దు దాటితే ఎర్ర బల్బు వెలిగే చిన్న పరికరం, నిలబడుతుంది. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌కి మాత్రం స్థానిక సమస్య మీద ఇద్దరు పిల్లలు చేసిన సర్వేనే కావాలి. నలుగురి జట్టులో ఏ ఇద్దరు అన్నది గొడవ కాకుండా, నోటు పుస్తకంలో ఎవరి పేరు ఎక్కువ వరుసల్లో ఉందో చూసి తేల్చండి.

నోటి పరీక్ష పీరియడ్లలో తెలుగు మాస్టారో, సోషల్ టీచరో జడ్జిగా కూర్చుంటే మంచిది. విషయం తెలియనివాళ్లు అడిగే ప్రశ్నలే గట్టివి. "ఈ బోరే ఎందుకు ఎంచుకున్నావు", "పెన్ను సరైనదని ఎలా తెలుసు", "ఈ అంకె మిగతావాటికి దూరంగా ఉందేం" ఈ మూడిటికీ బట్టీ పట్టకుండా చెప్పగలిగితే జిల్లా స్థాయిలో భయం ఉండదు.

సహాయానికి మారుటేరు వరి పరిశోధన స్థానం, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం, కాకినాడలో మత్స్య సాంకేతిక సంస్థ, ఉండి కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఊళ్లో వ్యవసాయ సహాయకులు ఉంటారు. ఉత్తరం రాసేటప్పుడు "మా ప్రాజెక్టుకి సహకరించగలరు" అని రాయొద్దు. రెండు నిర్దిష్టమైన ప్రశ్నలు, మీ అంకెలున్న పేజీ ఫోటో జతచేసి పంపితే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. నమూనాలన్నీ వాళ్లకిచ్చి రిపోర్టు తెచ్చుకుంటే పిల్లలు చేసింది ఏమీ ఉండదు. పన్నెండులో రెండు మాత్రం వాళ్ల ప్రయోగశాలలో కొలిపించి, మీ పెన్ను అంకెతో పక్కపక్కన పెట్టండి.

ఖర్చు మొత్తం ఐదు వేల లోపే: టీడీఎస్ పెన్నులు రెండు, నగల కాటా ఒకటి, వంద మి.లీ. కొలజాడీలు నాలుగు, స్పిరిట్ థర్మామీటర్లు రెండు, డిస్టిల్డ్ వాటర్ ఇరవై లీటర్లు, లీటరు సీసాలు. పీహెచ్ పెన్ను మొదటి ఏడాది కొనకండి. దాని మొన ఆరిపోతే పాడవుతుంది, వేసవి సెలవుల్లో ఎవరూ తడిపి ఉంచరు.

ఏప్రిల్లో సెలవులకి ముందు, కాలవలు కట్టేశాక వీలైతే ఒకసారి, లేకపోతే జూన్లో కాలవ నీరు ఊరికి చేరకముందే పన్నెండు బోర్లనీ మళ్లీ కొలిపించండి. డిసెంబరు అంకెలతో ఆ అంకెల తేడాయే అసలు జవాబు. బోర్ల పటం, ఇళ్ల గుర్తులు, పైపుల లెక్క, పెన్ను గుణకం ఒక పేజీలో రాసి బీరువాలో పెడితే, తొమ్మిదికి వచ్చే పిల్లలు అవే బోర్ల దగ్గరకి వెళ్తారు. పెన్నుల్లోంచి బ్యాటరీలు మాత్రం తీసి పెట్టండి, మే నెల చెమ్మకి కారిపోతాయి.